పట్టిన కుందేలుకు మూడే కాళ్లు: అభిప్రాయాల మీద పట్టులో జన్యువుల వాటా ఎంత?

#1 | రమణి

వైఖరులకూ జన్యువులకూ సంబంధం ఉందన్న మాట వచ్చినప్పుడల్లా రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. ముందు వాటిని విడదీద్దాం.

మొదటిది: జన్యువుల వాటా ఎక్కువున్న విషయాల మీద జనానికి పట్టు కూడా ఎక్కువ ఉంటుందా? ఇక్కడ పోల్చేది విషయాలను. ఉరిశిక్ష ఒక విషయం, జాజ్ సంగీతం ఇంకొకటి, ఆడామగా కలిసి చదవడం మరొకటి.

రెండోది: విషయం ఏదైనా కానివ్వండి, కొందరు అభిప్రాయాన్ని ఉడుంపట్టు పడతారు, కొందరు ‘ఏదో ఒకటిలే’ అంటారు. ఈ తేడాలో జన్యువుల వాటా ఎంత? ఇక్కడ పోల్చేది మనుషులను.

ఇలాంటి వాటాలను కవలలను పోల్చి లెక్కగడతారు. మొదటిదానికి ఆధారం సామాజిక మనస్తత్వశాస్త్రవేత్త అబ్రహం టెస్సర్ 1993లో ప్రచురించిన వ్యాసం. ఆయన కొత్తగా కవలలను వెతకలేదు. నికొలస్ మార్టిన్, లిండన్ ఈవ్స్ బృందం 1986లో ఆస్ట్రేలియా, బ్రిటన్ కవలల మీద అచ్చేసిన లెక్కలున్నాయి. వాటిలో ఉరిశిక్ష మీద వైఖరికి జన్యువుల వాటా 0.51, జాజ్‌కు 0.45, సహవిద్యకు 0.07 వచ్చింది. టెస్సర్ ఈ వాటాలను బట్టి విషయాలను ఎక్కువ, తక్కువ అని విడదీసి, కవలలు కాని మామూలు విద్యార్థుల ముందు పెట్టాడు. వాటా ఎక్కువున్న విషయాల మీద జవాబు త్వరగా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒత్తిడి చేసినా ఆ జవాబు మారడం తక్కువ. పరిచయం లేని మనిషి నచ్చడం, నచ్చకపోవడంలో కూడా ఆ విషయాల్లో అభిప్రాయాల పోలికకే బరువు ఎక్కువ.

రెండోదానికి తరచూ చూపించేవి అమెరికా కవలల మీద వచ్చిన ఆల్ఫోర్డ్, ఫంక్, హిబ్బింగ్ 2005 వ్యాసం, సెటిల్, డాజ్, ఫౌలర్ 2009 వ్యాసం. ఏ పార్టీ అన్నది ఎక్కువగా ఇంటి నుంచి వస్తుంది. ఆ పార్టీని ఎంత గట్టిగా పట్టుకుంటారన్న దాంట్లో మాత్రం దాదాపు సగం తేడా జన్యువులదని 2009 వాళ్ల లెక్క.

ఈ రెండు వాదనలూ ఎంతవరకు నిలుస్తాయి? లెక్కలు తెలిసినవాళ్లు రాయండి.

#2 | అడ్డప్రశ్న

పార్టీ పిచ్చి రక్తంలోనే ఉందన్నమాట. టీవీ చర్చల వాళ్లకు ఇక పండగే.

వేళాకోళం పక్కన పెడితే, 0.51 అనగానే ‘నా అభిప్రాయంలో 51 శాతం జన్యువులది’ అని చదివేవాళ్లే ఎక్కువ. అది తప్పు అని ముందే రాసి పెట్టకపోతే దారం మొత్తం పక్కదారి పడుతుంది.

#3 | కొలబద్ద

నిజమే. ఆ సంఖ్య ఒక మనిషిది కాదు, ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాలది. జనాభా మారితే, కాలం మారితే, ప్రశ్న మారితే సంఖ్యా మారుతుంది. ఊరంతా ఒకే మాట చెప్పే విషయంలో తేడానే ఉండదు, కాబట్టి వాటా లెక్కే పుట్టదు.

లెక్క ఎలా వస్తుందో క్లుప్తంగా. ఏకరూప కవలలకు జన్యువులు దాదాపు మొత్తం ఉమ్మడి. భిన్న కవలలకు సగటున సగం, మామూలు తోబుట్టువుల్లాగే. రెండు రకాల జతలూ ఒకే కడుపున, ఒకే ఇంట్లో, ఒకే ఏడాది పెరిగినవే. కాబట్టి ఏకరూపుల జవాబులు భిన్నుల జవాబుల కంటే ఎంత ఎక్కువ కలుస్తాయన్నదాన్ని బట్టి వాటా తేలుతుంది. జతలో ఇద్దరి జవాబులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్యే సహసంబంధం. ఉమ్మడి పరిసరాలంటే ఇద్దరినీ ఒకేలా మలిచే ఇల్లు, ఊరు లాంటివి; విడి పరిసరాలంటే ఒక్కొక్కరికి విడిగా ఎదురయ్యేవి:

జన్యువుల వాటా = 2 × (ఏకరూపుల సహసంబంధం − భిన్నుల సహసంబంధం)
ఉమ్మడి పరిసరాల వాటా = 2 × భిన్నుల సహసంబంధం − ఏకరూపుల సహసంబంధం
విడి పరిసరాల వాటా = 1 − ఏకరూపుల సహసంబంధం

2005 వ్యాసంలో 28 అంశాల మొత్తం సంప్రదాయవాద సూచికకు ఈ మూడూ వరుసగా 0.43, 0.22, 0.35. పార్టీ ఎంపికకు 0.14, 0.41, 0.45. ఏ పక్షం అన్నది ఇంటి నుంచి వస్తుందని రమణి గారు అన్నది ఈ 0.41 వల్లే.

విడి పరిసరాల పెట్టెలో ఇంకో సరుకు కూడా పడుతుంది: కొలత లోపం. ప్రశ్న అర్థంకాక తోచిన గడిలో టిక్కు పెట్టినా అది ‘విడి పరిసరం’ కిందే జమ. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితోనే పేచీ.

#4 | మనోవీధి

‘పట్టు’ అంటే ఏం కొలుస్తున్నారో కూడా తేల్చుకోవాలి. సామాజిక మనస్తత్వశాస్త్రంలో గట్టి వైఖరికి నాలుగు గుర్తులు చెబుతారు: చాలాకాలం నిలుస్తుంది, ఒత్తిడికి లొంగదు, కొత్త సమాచారాన్ని తనకు తగ్గట్టు చదివిస్తుంది, ప్రవర్తనను నడిపిస్తుంది. క్రాస్నిక్, పెట్టీ 1995లో స్థిరపరిచిన నిర్వచనం ఇదే.

కొలిచేటప్పుడు మాత్రం వాడే పరికరాలు వేరు. స్కేలు మీద చివరి గడికి ఎంత దగ్గర (తీవ్రత), మీకు ఎంత ముఖ్యం, ఎంత కచ్చితంగా అనుకుంటున్నారు, ఎంత తెలుసు, రెండు వైపులా మొగ్గు ఉందా, జవాబు ఎంత వేగంగా వచ్చింది. ఇవన్నీ ఒకే గుణానికి వేర్వేరు ముఖాలా అని 1993లో క్రాస్నిక్ బృందం పరీక్షిస్తే, వీటి మధ్య సంబంధం ఉన్నా అన్నీ ఒకే కారకంలోకి, అంటే వెనకున్న ఒకే మూల గుణంలోకి, సర్దుకోలేదు. కాబట్టి ఆరు ప్రశ్నల సగటు తీసి ‘పట్టు సూచిక’ అని పేరు పెట్టడం తొందరపాటు. తీవ్రతకు ఒక వాటా, ముఖ్యమనుకోవడానికి ఇంకో వాటా రావచ్చు.

వేగం కొలవడంలో జరిగే పొరపాటు చెబుతాను. జవాబు సమయాన్ని నేరుగా వాడకూడదు. మనిషి స్వతహాగా ఎంత చురుగ్గా మీట నొక్కుతాడన్నదానికే జన్యువుల వాటా ఉంది. దాన్ని తీసేయకపోతే వైఖరి పట్టు వారసత్వం అనుకుని చేతివేగం వారసత్వం అచ్చేస్తాం. అభిప్రాయంతో పనిలేని వాస్తవ ప్రశ్నలు (‘వారానికి ఏడు రోజులు: అవును / కాదు’ లాంటివి) పదో పదిహేనో మధ్యమధ్య కలపాలి. వాటి సగటు సమయాన్ని ఆధారంగా తీసుకుని మిగతా సమయాలను సర్దాలి. మరీ చిన్న సమయాలు, 300 మిల్లీసెకన్ల లోపువి, చదవకుండా నొక్కినవి, తీసేయండి. పొడవాటి తోక ఉంటుంది కాబట్టి లాగరిథమ్ తీశాకే సహసంబంధం కట్టండి.

#5 | అడ్డప్రశ్న

కొలబద్ద గారు గుర్తుంచుకోమన్న పేచీ నేను మొదలుపెడతాను.

ఒక విషయం మీద జనానికి పట్టు లేదనుకోండి. సహవిద్య సంగతే చూడండి, పెద్దగా ఆలోచించి ఉండరు. ఈరోజు అవును అంటారు, నెల తర్వాత ఏమో అంటారు. జవాబుల్లో గందరగోళం ఎక్కువ. ఆ గందరగోళమంతా విడి పరిసరాల పెట్టెలోకి పోతుంది, జన్యువుల వాటా తక్కువగా కనిపిస్తుంది. ఉరిశిక్ష మీద అందరికీ స్థిరమైన మాట ఉంది, గందరగోళం తక్కువ, వాటా ఎక్కువగా కనిపిస్తుంది.

అంటే ‘జన్యువుల వాటా ఎక్కువ కాబట్టి పట్టు ఎక్కువ’ అని టెస్సర్ చదివిన సంబంధం తిరగబడి ‘పట్టు ఎక్కువ కాబట్టి వాటా ఎక్కువగా కొలతకు దొరికింది’ అయి ఉండవచ్చు. దీన్ని కొట్టిపారేసే ఆధారం ఏమైనా ఉందా?

#6 | కొలబద్ద

పూర్తిగా కొట్టిపారేయలేం. కాస్త సర్దగలం. అదే ప్రశ్నావళిని మూడు నాలుగు వారాల తర్వాత అదే మనుషులకు మళ్లీ ఇచ్చి, రెండు జవాబుల సహసంబంధం కట్టాలి. అది ఆ ప్రశ్న నమ్మదగినతనం. కొలిచిన వాటాను దాంతో భాగించాలి. కొలిచినది 0.30, నమ్మదగినతనం 0.60 అయితే అసలు వాటా 0.50. ఇంకో ప్రశ్నకు కొలిచినది 0.45, నమ్మదగినతనం 0.90 అయితే అదీ 0.50. కొలిచినప్పుడు ఒకటి ఇంకోదానికి ఒకటిన్నర రెట్లుంది, సర్దాక రెండూ సమానం. ఈ సర్దుబాటు చేశాక కూడా వాటా, పట్టు కలిసి నడిస్తేనే టెస్సర్ వాదనకు బలం.

ఇంకో చిక్కు శాంపిల్ పరిమాణం. ఓల్సన్, వెర్నన్, హారిస్, జాంగ్ 2001 అధ్యయనం చూడండి. కెనడా పరిశోధకులది, 195 ఏకరూప జతలు, 141 ఒకే లింగపు భిన్న జతలు, 30 వైఖరులు. వాటిని 9 కారకాలుగా కూర్చితే ఆరింటిలో జన్యు ప్రభావం తేలింది. వాటా ఎక్కువున్న వైఖరులు మానసికంగా గట్టివన్న సూచన కొంత కనిపించిందని వాళ్లూ జాగ్రత్తగానే రాశారు. ఆ జాగ్రత్త ఎందుకో లెక్క వేసి చూడండి. ఏకరూపుల సహసంబంధం 0.50 అయితే 195 జతలకు ప్రామాణిక దోషం, అంటే శాంపిల్ చిన్నదవడం వల్ల సంఖ్య ఎంత అటూ ఇటూ ఊగవచ్చన్నది, (1 − 0.25) ÷ √195, అంటే 0.054. భిన్నులది 0.25 అయితే 141 జతలకు 0.079. వాటా దోషం 2 × √(0.054² + 0.079²), అంటే 0.19.

ఒక్కో వైఖరికి 0.50 అని వచ్చిన వాటా నిజానికి 0.13 నుంచి 0.87 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అలాంటి 30 సంఖ్యలను వరుసలో పేర్చి, ఆ వరుసకూ పట్టుకూ సంబంధం చూస్తున్నాం. సంబంధం బలహీనంగా రావడంలో వింత లేదు. టెస్సర్‌కు అండ ఏమిటంటే ఆయన వాడిన ఆస్ట్రేలియా లెక్కల వెనుక 3,810 జతలున్నాయి.

#7 | మనోవీధి

అడ్డప్రశ్న గారి అభ్యంతరం సరైనదే గానీ, టెస్సర్ చెప్పిన యంత్రాంగాన్ని కూడా చూడాలి. జాజ్ కోసం జన్యువు ఉందని ఆయన అనలేదు. వినికిడి, రుచి, శరీర రసాయనాలు, ఆందోళనపడే స్వభావం, సాహసం మీద మోజు, ఇలాంటివాటిలో పుట్టుకతో తేడాలుంటాయి. వాటి మీద నిలబడిన వైఖరిని మార్చబోతే ఇబ్బందిగా ఉంటుంది. కాబట్టి మనిషి దాని చుట్టూ తనకు నప్పే మనుషుల్ని, వ్యాపకాల్ని పోగేసుకుంటాడు. ఆ గూడే వైఖరిని ఇంకా గట్టిపరుస్తుంది. 1994లో టెస్సర్, క్రేలియా ఇదే పరీక్షించారు: వాటా ఎక్కువున్న విషయాల్లో తనతో ఏకీభవించేవాళ్లు దొరకడం మనిషికి ఎక్కువ ప్రతిఫలంలా పనిచేస్తుందా అని. ఫలితాలు ఆ దిశలోనే వచ్చాయి.

తర్వాత వచ్చిన వాటిలో రెండు ముఖ్యం. మార్టిన్ బూర్జ్వా 2002లో చూపించింది: పక్కపక్కన ఉండేవాళ్లు మాట్లాడుకుంటూ పోతే అభిప్రాయాలు గుంపులు గుంపులుగా ఒకేలా మారతాయి కదా, వాటా ఎక్కువున్న విషయాల్లో ఆ గుంపుకట్టడం తక్కువ. బ్రాంట్, వెథరెల్ 2012లో చూపించింది: వాటా ఎక్కువున్న వైఖరులను జనం ‘ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ధర్మాధర్మాల సంగతి’ అని చూసే మొగ్గు ఎక్కువ.

గందరగోళమే మొత్తం కారణమైతే ఈ చివరిది వివరించడం కష్టం. స్థిరంగా చెప్పే మాటలన్నీ ధర్మాధర్మాల మాటలు కావు. టీ, కాఫీల్లో ఏది ఇష్టమో అందరూ ఎప్పుడడిగినా ఒకటే చెబుతారు. దానికోసం ఎవరూ ధర్మపన్నాలు వల్లించరు (కోస్తా ఫిల్టర్ కాఫీ వీరాభిమానులు క్షమించాలి).

#8 | అడ్డప్రశ్న

ఆ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఓల్సన్ వాళ్లే వ్యక్తిత్వం, శరీర లక్షణాలు, చదువులో రాణింపు లాంటివి మధ్యవర్తులుగా ఉండవచ్చని కొలిచి, కొన్నింటికి వైఖరులతో జన్యుస్థాయిలోనే సంబంధం ఉందని చూపించారు. ఆటల్లో రాణించే ఒళ్లు ఉన్నవాడికి ఆటలంటే ఇష్టం, ఆ ఇష్టం గట్టిగా ఉండటం సహజం. దాన్ని ‘వైఖరి జన్యువు’ అనడం అతి.

#9 | మనోవీధి

అలా అన్నవాళ్లెవరూ లేరు, పత్రికల శీర్షికలు తప్ప.

#10 | రమణి

రెండో ప్రశ్నకు వద్దాం. −3 నుంచి +3 దాకా స్కేలు ఇచ్చి, తర్వాత గుర్తు చెరిపేసి 0, 1, 2, 3 చేసి దాన్నే ‘పట్టు’ అని కవలల లెక్కలో పెడుతున్నారు. ఇది సరైన పద్ధతేనా? ఇలా చేసిన చోట ఉమ్మడి పరిసరాల వాటా సున్నా వచ్చిందని, ‘ఏ వైపన్నది ఇల్లు నేర్పుతుంది, ఎంత గట్టిగా అన్నది జన్యువులు నేర్పుతాయి’ అని తేల్చేయడం కనిపిస్తోంది.

#11 | కొలబద్ద

ఇక్కడే చాలామంది బోల్తా కొడతారు. ఇలా గుర్తు చెరిపి స్కేలును మధ్యలో మడిస్తే సహసంబంధాలు తగ్గుతాయి, అదీ సమానంగా తగ్గవు. చిన్నవి ఎక్కువ కుంగిపోతాయి.

జవాబులు గంట ఆకారంలో, సగటు సరిగ్గా సున్నా దగ్గర ఉన్నాయనుకుందాం. ఏకరూపులది 0.60, భిన్నులది 0.30 అయితే జన్యువుల వాటా 0.60, ఉమ్మడి పరిసరాలది 0. గుర్తు చెరిపేశాక అదే జతల సహసంబంధాలు 0.33, 0.08 అవుతాయి. సూత్రంలో పెట్టండి: జన్యువులు 0.50, ఉమ్మడి పరిసరాలు −0.17. వాటా రుణసంఖ్య కావడానికి వీల్లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నాకు కట్టేస్తుంది, లేకపోతే ‘జన్యువుల పరస్పర ప్రభావం ఉంది’ అనిపించే నమూనా వైపు తోస్తుంది. రెండూ మడత వల్ల పుట్టినవే.

ఇప్పుడు 2005 నాటి సంప్రదాయవాద సూచిక వాటాలనే తీసుకోండి: 0.43, 0.22. అంటే ఏకరూపులు 0.65, భిన్నులు దాదాపు 0.435. మడిచాక 0.39, 0.17. జన్యువులు 0.44, ఉమ్మడి పరిసరాలు −0.05. ఇంటి ప్రభావం 0.22 ఉన్నది ఉన్నట్టు మాయమైపోయింది, జన్యువుల వాటా మాత్రం చెక్కుచెదరలేదు. ఇందులో పట్టు గురించి కొత్త సంగతి ఒక్కటీ లేదు, దిశ (ఏ వైపన్నది) తాలూకు సమాచారాన్నే మడిచి చూశాం.

సగటు మధ్యలో లేకపోతే ఇంకో తంటా. నూటికి ఎనభైమంది ఒకే వైపున్న విషయంలో గుర్తు చెరిపినా పెద్దగా మారేదేమీ లేదు. తీవ్రత అనుకుంటున్నది చాలావరకు దిశే.

కాబట్టి పట్టును పట్టుగానే అడగండి: ‘ఈ విషయం మీకు ఎంత ముఖ్యం’, ‘ఎంత కచ్చితంగా అనుకుంటున్నారు’, విడివిడిగా, ఏడు గడుల స్కేలు మీద. మడిచిన సంఖ్యను వాడక తప్పకపోతే, దిశ సహసంబంధాల నుంచి ఎంత రావాలో ముందే లెక్కగట్టి, దానికి మించి వచ్చినదాన్నే పట్టు అనండి.

#12 | అడ్డప్రశ్న

అయితే 2009 నాటి ‘పార్టీ మీద పట్టులో సగం జన్యువులది’ కూడా మడత మాయేనా?

#13 | కొలబద్ద

కాదు, అది తమాషా. మీరే వేసి చూడండి. పార్టీ దిశకు 0.14, 0.41 అంటే ఏకరూపులు 0.55, భిన్నులు 0.48. మడిస్తే 0.27, 0.21. జన్యువుల వాటా 0.12, ఉమ్మడి పరిసరాలు 0.15. మడత ఒక్కదానితో సగం రాదు. దిశలో ఇంటిదే పైచేయి అయినప్పుడు మడిచాకా ఇంటి వాటా కొంత మిగులుతుంది. కాబట్టి పార్టీ విషయంలో పట్టుకు విడిగా జన్యువుల వాటా ఉందన్న వాదన ఈ పరీక్షకు నిలబడుతుంది. ఆ ఏడాదే అదే పత్రికలో హటెమి బృందం వేరే కవలలతో రాసిన వ్యాసం కూడా దిశకూ పట్టుకూ మధ్య ఇలాంటి తేడానే చూపింది.

సెటిల్ బృందం కవలలు ఒహాయోలో ట్విన్స్‌బర్గ్ ఊళ్లో ఏటా జరిగే కవలల పండక్కి వచ్చినవాళ్లు. ఒకేలాంటి బట్టలేసుకుని పండక్కి వచ్చే జతలు మామూలు జతల కంటే ఒకరికొకరు ఎక్కువ అంటిపెట్టుకుని ఉంటారు. ఏకరూపుల విషయంలో ఆ అంటుబాటు ఇంకా ఎక్కువైతే వాటా పొంగుతుంది. అందుకే విడి శాంపిల్‌తో పోల్చుకోవడం ముఖ్యం.

#14 | మనోవీధి

2005 వ్యాసంలోని ఇంకో కొలత కూడా తరచూ ఇక్కడికి లాగుతారు. 28 అంశాలకూ ‘అవును / ? / కాదు’ అని మూడే గడులు. ఎన్నింటికి ‘?’ పెట్టకుండా తేల్చి చెప్పారన్నది లెక్కబెట్టి దాన్ని అభిప్రాయాలు కలిగి ఉండే గుణం అన్నారు. జన్యువుల వాటా 0.36. ఇది మడత కాదు గానీ, ఇందులో ప్రశ్నపత్రం నింపే తీరు కలిసిపోయి ఉంది. కొందరు ఏమడిగినా మధ్య గడి వదిలేసి ఏదో ఒక చివర పట్టుకుంటారు. అభిప్రాయంతో సంబంధం లేని అంశాలు (వస్తువుల రంగులు, వాతావరణం లాంటివి) పది కలిపి, వాటిలో కూడా అదే తీరుందా చూసి తీసేయాలి. లేకపోతే మనం కొలిచింది పట్టా, పెన్ను పట్టుకునే తీరా తెలీదు.

#15 | భాస్కర్_విజయనగరం

ఇదంతా ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా గొడవ. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి అధ్యయనం పెట్టాలంటే ఏమేం మార్చాలి? తూర్పు గోదావరి జిల్లా దొడ్డిగుంటను కవలల ఊరని వార్తల్లో రాస్తుంటారు. అక్కడ మొదలుపెడితే?

#16 | కొలబద్ద

ఒక ఊరు చాలదు భాస్కర్ గారూ. 336 జతలతోనే దోషం 0.19 అని పైన చూశాం. అవును/కాదు ప్రశ్నలైతే పరిస్థితి ఇంకా హీనం. జతలు వేలల్లో కావాలి. పైగా ఒకే ఊరంటే జనాభాలోని తేడాలే కుదించుకుపోతాయి.

మార్చాల్సిన వాటిలో నేను మొదట పెట్టేది మేనరికం. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే ఆ దంపతుల భిన్న కవలల జన్యు సారూప్యం 0.50 కాదు, 0.53. మేనమామ, మేనకోడలు పెళ్లయితే 0.56. మామూలు సూత్రం 0.50 అనుకుని సాగుతుంది కాబట్టి జన్యువుల వాటా అసలుకంటే తక్కువ, ఉమ్మడి పరిసరాలది ఎక్కువ చూపిస్తుంది. అసలు వాటా 0.50, ఇంటి ప్రభావం సున్నా అనుకోండి. మేనమామ సంబంధాల్లో లెక్క 0.44, 0.06 అని చెబుతుంది. ప్రశ్నావళిలో ‘మీ అమ్మానాన్నలకు పెళ్లికి ముందు చుట్టరికం ఉందా, ఉంటే ఏ వరస’ అని ఒక్క ప్రశ్న చేర్చితే దీన్ని సర్దవచ్చు. మన జనం వరస దగ్గర తప్పు చెప్పరు.

అయితే మేనరికం అంత భయపడాల్సినదీ కాదు. ఒకే మొగ్గున్న వాళ్లను పెళ్లాడటం దీన్ని మించిన తలనొప్పి. అమెరికాలో దంపతుల రాజకీయ వైఖరుల సహసంబంధం 0.6 చుట్టూ ఉంటుంది. వాటా 0.40 అయితే భిన్న కవలల జన్యు సారూప్యం ½ × (1 + 0.6 × 0.4), అంటే 0.62 దాకా పోతుంది. మన పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లలో అమ్మాయి, అబ్బాయి అభిప్రాయాలు ఎవరడుగుతారు? కులం, ఊరు, ఆస్తి చూస్తారు, వాటి వెంట అభిప్రాయాలు వస్తాయి. కాబట్టి అమ్మానాన్నలిద్దరికీ అదే ప్రశ్నావళి ఇచ్చి సహసంబంధం కొలవాల్సిందే.

#17 | మనోవీధి

అంశాల ఎంపిక గురించి నేను చేరుస్తాను. పాశ్చాత్య ప్రశ్నావళుల్లో ఉండే పైజమా పార్టీలు, జాజ్ ఇక్కడ పనికిరావు. జనం రెండు వైపులా చీలే విషయాలు కావాలి: మద్యనిషేధం, కులాంతర వివాహం, ఉరిశిక్ష, బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం, జాతకాలు, మాంసాహారం.

రాష్ట్ర విభజన మంచిదా చెడ్డదా అని మాత్రం అడగకండి. 2014 తర్వాత ఆ జవాబు కవలలు పుట్టిన జిల్లాను బట్టి వస్తుంది. రెండు రకాల జతలూ ఒకేలా కలుస్తాయి, మొత్తం ఉమ్మడి పరిసరాల్లోకి పోతుంది. అదే విషయం ‘మీకెంత ముఖ్యం’ అని అడిగితే మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే ఒకే జిల్లాలో కూడా ఆ ముఖ్యం మనిషికో రకం.

వయసు కూడా చూడండి. హటెమి బృందం 2009లోనే ఇంకో వ్యాసంలో వయసుల వారీగా లెక్కలిచ్చింది. 9 నుంచి 17 ఏళ్ల దాకా రాజకీయ వైఖరుల్లో ఉమ్మడి పరిసరాలదే రాజ్యం, జన్యు ప్రభావం కనిపించదు. ఇరవై దాటి ఇల్లు విడిచినవాళ్లలోనే అది పైకి వస్తుంది. మన దగ్గర పెళ్లయ్యాక కూడా ఒకే ఇంట్లో ఉండే కొడుకులు, పెళ్లితో ఇల్లు మారే కూతుళ్లు ఉంటారు. మగ జతలనూ ఆడ జతలనూ విడివిడిగా నడపకుండా కలిపితే ఈ తేడా కనపడదు. కాలేజీ పిల్లలు సులువుగా దొరుకుతారని వాళ్లతోనే సరిపెడితే ‘తెలుగువాళ్లలో జన్యువుల వాటా లేదు’ అన్న తప్పు ఫలితం చేతికొస్తుంది.

#18 | భాస్కర్_విజయనగరం

ఏకరూపులా కాదా అన్నది ఎలా తేల్చాలి? అందరికీ డీఎన్‌ఏ పరీక్ష అంటే ఖర్చు తడిసి మోపెడు.

#19 | కొలబద్ద

అందరికీ అక్కర్లేదు. ‘చిన్నప్పుడు బయటివాళ్లు మీలో ఒకర్ని చూసి ఇంకొకరు అనుకునేవారా’, ‘అమ్మానాన్నలే పొరబడేవారా’, ‘కళ్ల రంగు, జుట్టు తీరు ఒకటేనా’, ఈ మూడు నాలుగు ప్రశ్నలతో వందలో దాదాపు 95 జతలు సరిగ్గా తేలతాయి. ఇద్దరినీ విడిగా అడగండి. జవాబులు పొసగని జతలకే డీఎన్‌ఏ చేయించండి. తప్పుగా పడిన జతలు రెండు రకాల మధ్య తేడాను కుదిస్తాయి, వాటా తగ్గి కనిపిస్తుంది. డాక్టరు ‘మాయలు (ప్లాసెంటాలు) రెండు, కాబట్టి ఏకరూపులు కారు’ అన్నారని చెబితే నమ్మకండి. ఏకరూపుల్లో మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా రెండు మాయలతోనే పుడతారు.

నింపించేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు. ఫోన్‌లో అయితే మొదలుపెట్టిన, ముగించిన సమయం నమోదవ్వాలి. ఒకరు ముగించిన రెండు నిమిషాలకే ఇంకొకరు మొదలుపెట్టి సగం సమయంలో ముగిస్తే ఆ జతను అనుమానించండి. ‘వారంలో ఎన్నిసార్లు మాట్లాడుకుంటారు’ అని అడిగి, ఎక్కువ మాట్లాడుకునే జతల్లోనే పోలిక ఎక్కువుందేమో చూడండి.

లెక్కకు ముందు వయసు, లింగం ప్రభావం తీసేయాలి. కవలలిద్దరి వయసూ ఒకటే కాబట్టి, వయసుతో మారే ఏ వైఖరైనా రెండు సహసంబంధాలనూ పైకి లాగి ఉమ్మడి పరిసరంలా నటిస్తుంది. అవును/కాదు అంశాలకు మామూలు సహసంబంధం కట్టకండి, రెండు గడుల జవాబుల కోసమే ఉన్న టెట్రాకోరిక్ సహసంబంధం వాడండి. గడులు మూడు నుంచి ఐదు ఉంటే పాలీకోరిక్. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌ఎంఎక్స్ ప్యాకేజీ ఈ పనంతా చేస్తుంది, దాని మీద కట్టిన యుఎంఎక్స్ ఇంకా తేలిక.

#20 | అడ్డప్రశ్న

ఇంత చేశాక ఏ జన్యువో చెప్పగలరా?

#21 | మనోవీధి

చెప్పలేరు. ఒక్కో జన్యువును పట్టుకుని చేసిన పాత అధ్యయనాలు చాలావరకు పెద్ద శాంపిళ్ల ముందు నిలబడలేదు. 2012లో బెంజమిన్ బృందం ఆర్థిక, రాజకీయ వైఖరుల కోసం జన్యుపటం మొత్తం జల్లెడ పడితే నమ్మదగ్గ స్థానం ఒక్కటీ తేలలేదు. ప్రభావాలు వేలాది చోట్ల చిటికెడు చిటికెడుగా చెదిరి ఉన్నాయని దాని అర్థం. పట్టు అన్నది దిశకంటే కొలవడం కష్టం కాబట్టి అక్కడ ఇంకా పెద్ద శాంపిల్ కావాలి.

#22 | కొలబద్ద

భాస్కర్ గారు పని మొదలుపెట్టేలా ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. 2012లో ఒక పేరున్న అమెరికన్ రాజనీతి పత్రికలో, కవలల సమాచారంతోనే, వ్యక్తిత్వ లక్షణాలకూ రాజకీయ వైఖరులకూ సంబంధం మీద వ్యాసం వచ్చింది. వైఖరి అంశాల సంకేతాలు (జవాబులకు ఇచ్చే అంకెలు) అందులో తలకిందులుగా పడ్డాయి. ఉదారవాదులకు అంటగట్టినది సంప్రదాయవాదులదని, సంప్రదాయవాదులకు అన్నది ఉదారవాదులదని 2016లో దిద్దుబాటు వేశారు. కవలల సహసంబంధాలు గుర్తు తిరగబడినా మారవు. అందుకే ఆ లెక్కలన్నీ చక్కగా కుదిరినట్టే కనిపిస్తాయి, తప్పు బయటపడదు.

కాబట్టి ప్రశ్నావళిలో జవాబు ముందే తెలిసిన అంశం ఒకటి పెట్టండి. ఉదాహరణకు మాంసాహారం మీద వైఖరి, పక్కనే ‘గత వారం మాంసం తిన్నారా’ అన్న ప్రశ్న. ఫైలు చేతికి రాగానే, ఏ నమూనా నడపకముందే, ఆ రెంటి సహసంబంధం గుర్తు చూడండి. రుణం వస్తే అంశాల సంకేతాలన్నీ ఒక్కొక్కటిగా అసలు కాగితంతో పోల్చి చూసుకున్నాకే ముందుకెళ్లండి. ‘ఎంత ముఖ్యం’ స్కేలులో 1 అంటే ‘చాలా ముఖ్యం’ అని కొన్ని జిల్లాల కాగితాల్లో, 7 అంటే అని మిగతా వాటిలో అచ్చు పడే ప్రమాదం ఉంది. జిల్లాల వారీగా సగటులు తీసి పక్కపక్కన పెట్టండి.